గుండ్లవంకలో ఒక్క నిమిషం

ఏటా ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మా ఊరి రైలు పిచ్చివాళ్ళంతా పట్టాలు పీకేసిన చోట చేరతారు. పదిహేనేళ్ళ క్రితం ఆ రోజునే బొమ్మరాయి–కోనాపురం ప్యాసింజరు ఆఖరుసారి నడిచింది. చిన్న లైను తీసి పెద్ద లైను వేస్తామన్నారు. తీయడం తీశారు, వేయడం మరిచారు. మిగిలిన కంకర మీద వీళ్ళు దుప్పట్లు పరుచుకుని, చిత్రాన్నం తిని, మంటపం మలుపులో హారన్ రెండుసార్లు కొట్టేవాడా మూడుసార్లా అని పోట్లాడుకుంటారు. పోయిన రైలు కోసం పెద్దవాళ్ళు గొంతులు చించుకోవడం చూస్తే దారిన పోయేవాళ్ళకు నవ్వొస్తుంది.

నా కూతురు హంసవేణి ఆ గుంపులో అందరికంటే చిన్నది. ఇరవై నాలుగేళ్ళు, పోస్టాఫీసులో ఉద్యోగం.

"రైలుకు తద్దినం పెట్టేవాళ్ళను మిమ్మల్నే చూస్తాండా" అనేదాన్ని.

"తద్దినమైతే ఏడుస్తారు మా. మేము నవ్వుతాండాం గదా" అనేది.

నాకు ఆ రైలంటే ముచ్చటేమీ లేదు. పదిహేడేళ్ళు రోజూ అందులో గుండ్లవంక ఆడపిల్లల హాస్టలుకు వంటకు పోయాను. హంస కడుపున పడకముందు ఎనిమిదేళ్ళు ఒక్కదాన్ని, తర్వాత తొమ్మిదేళ్ళు దాన్ని వెంటేసుకుని. వాళ్ళ నాయన జ్వరం వచ్చి పోయినప్పుడు దానికి రెండేళ్ళు. ఇంట్లో వదలడానికి ఎవరూ లేరు, ఉన్నా నేను వదలను. నేను ఏడో తరగతి దాకా చదివాను. పెద్ద చదువులు రాకపోయినా, ఏది ఎట్లా చెడిపోతుందో ముందే ఊహించడం మాత్రం నాకు బాగా వచ్చు. దోసె పెనం మీద ఉండగానే ఇల్లు కాలిపోయినట్టు కనబడుతుంది. హంస ఫోను రెండుసార్లు మోగి ఎత్తకపోతే, మూడోసారి మోగేలోపల నేను ఆసుపత్రి మెట్లు ఎక్కేసి ఉంటాను.

అట్లాంటి నాకు, ఒకనాడు అన్నం తింటూ హంస చెప్పింది. "మా, ఆ రైలు మళ్ళీ నడుస్తాంది."

"పట్టాలు యాడుండాయే?"

"పట్టాలు అక్కర్లేదు. మేము గుర్తు పెట్టుకున్నాం గదా, అదే చాలంట."

ఊరి చివర మూతపడిన వేరుశనగ నూనె మిల్లులో అలివేలు అనే డాక్టరమ్మ ఏదో ప్రయోగం చేస్తోందని అంతకుముందే విన్నాను. మతిమరుపు ముదిరిన ముసలివాళ్ళ కోసమట. మనిషికి గుర్తున్నదాన్ని ఉన్నదున్నట్టు దాచిపెట్టగలిగితే, రేపు ఆ మనిషే దాన్ని మరిచిపోయినా అందులో కూర్చోబెట్టవచ్చునట. అయితే ఒక్కరి జ్ఞాపకానికి చిల్లులు ఎక్కువ. పదిమంది పేలికలు కలిపి బొంత కుట్టినట్టు కుట్టాలి. ఒకే సంగతిని నలభై మంది ఇంత గట్టిగా గుర్తుపెట్టుకున్న గుంపు ఆమెకు ఇంకెక్కడ దొరుకుతుంది? వీళ్ళకు కబురు పెట్టింది.

నేను చూడటానికి పోయాను. గుంపుకు పెద్ద ఖాసింవలి సారు, బడిలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరైనాయన. తీగల టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని మలుపులో హారన్ సంగతి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళు మూసుకున్నాడు, ముఖం వెలిగింది. టోపీ తీశాక కాసేపు చెవి రుద్దుకున్నాడు.

"ఏమైంది సార్?" అన్నాను.

"మూడుసార్లు కొట్టేవాడు మా. అది తెలుస్తాంది. చెవిలో మాత్రం వినబడలేదు ఇప్పుడు." అని నవ్వాడు. "పోతే పోనీలే. నా చెవిలో ఉంటే నాకొక్కడికే. రైల్లో ఉంటే అందరికీ."

అలివేలు మేడమ్ దాచలేదు. యంత్రం ఒకసారి తీసుకున్న జ్ఞాపకం మళ్ళీ మనిషికి చేరదు. సంగతి మిగులుతుంది, పుస్తకంలో చదివినట్టు. రుచి పోతుంది. అదంతా తెలిసే వీళ్ళు వరసకట్టి ఇస్తున్నారు. ఒకరు ఎర్ర రెక్సిను సీటు చిరుగు ఇచ్చారు. ఒకరు రాళ్ళగడ్డ స్టేషన్లో వేయించిన అలసందల వాసన ఇచ్చారు. హంస నా ఒళ్ళో పడుకుని కిటికీ ఊచల్లోంచి చూసిన ఆకాశం ఇచ్చిందట. ఇంటికి వచ్చాక ఆ మాట చెబుతూ, ఎవరో చుట్టాల సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను గిన్నెలు తోముతూ ఏడ్చాను, దానికి కనబడకుండా.

నాలుగు నెలలకు రైలు తయారైంది. ఐదేసి, పదేసి నిమిషాల ముక్కలు అందరూ ఎక్కి చూశారు. ముక్క అయిపోగానే మెలకువ వచ్చేది. ఇక మొత్తం ప్రయాణం, మూడు గంటల నలభై నిమిషాలు, మొదట ఎవరు ఎక్కాలని చూస్తే, ఒంట్లో బలం ఉన్నది హంసే.

"కరెంటు పోతే?" అన్నాను.

"బ్యాటరీలుండాయి మా."

"టోపీ కాలితే?"

"కాలదు."

"ఆ డాక్టరమ్మకు మధ్యలో గుండె నొప్పొస్తే?"

హంస పడీపడీ నవ్వింది. "ఆమె గుండె గురించి గూడా నువ్వే భయపడతావా? కొంచెం ఆమెకు వదిలిపెట్టు."

వంద భయాలు పడ్డాను. కావలసిన ఒక్క భయం తట్టలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి హంస మంచం మీద పడుకుని టోపీ పెట్టుకుంది. నేను గోడవారగా స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి దాని ఒళ్ళు చిన్నగా ఊగడం మొదలైంది, రైల్లో కూర్చున్నవాళ్ళు ఊగినట్టు. మంటపం మలుపులో ఎడమకు ఒరిగింది. ఖాసిం సారు చేతి గడియారం చూసుకుని, "సరిగ్గా టయానికి!" అని గంతేశాడు. గుంపంతా చప్పట్లు కొట్టారు. హంస పెదవులు కదిలేవి. స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది. ముఖంలో ఎంత సంతోషమో. ఒక్క క్షణం నాకూ భయం తగ్గింది, అబద్ధమెందుకు.

పన్నెండూ నలభైకి "కోనాపురం" అంది. అలివేలు మేడమ్ మీట నొక్కి, టోపీ తీసింది.

హంస కళ్ళు తెరవలేదు.

"హంసా, అయిపోయింది. లే" అన్నాను.

"ఇంజిను విప్పుతాండారు" అంది హంస. ఇంకొంచెం సేపటికి, "ఇటుపక్క తగిలిస్తాండారు" అంది. ఆ తర్వాత ఒళ్ళు మళ్ళీ ఊగడం మొదలైంది. ఈసారి మలుపులో కుడికి ఒరిగింది. రైలు వెనక్కి తిరిగింది.

శనివారం పోయింది. యంత్రం ఆపేసినా దాని తలలో రైలు ఆగలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరు సెలైను పెట్టి, ఇక్కడినుంచి కదిలించవద్దన్నాడు. నేను ఇంటికి పోయి జావ కాచుకొచ్చాను. ఇంట్లో దాని చెప్పులు గుమ్మం దగ్గర అడ్డదిడ్డంగా ఉన్నాయి. సర్దబోయి, సర్దకుండా వచ్చేశాను. జావ పెదవులకు తగిలిస్తే చెంప మీదుగా కారిపోయింది. మొదటిరోజు చెయ్యి గిల్లితే ముఖం చిట్లించింది. ఆదివారం పొద్దున గిల్లితే చిట్లించలేదు.

"ఒక్కో ప్రయాణానికీ ఇటువైపు పట్టు సడలుతాంది" అంది అలివేలు మేడమ్. రెండు రోజులుగా నిద్ర లేక ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పటికి పన్నెండు అయినాయి. ఇంకో రెండో మూడో తిరిగితే ఈ గది ఉందన్న సంగతే ఆ పిల్లకు తెలీదు. అప్పుడు ఎవరు పిలిచినా రాదు."

"ఎందుకు లేస్తాలేదు? ఐదు నిమిషాలవి ఎక్కినప్పుడు లేచింది గదా?"

"అవి తెగిన ముక్కలు. అంచు వచ్చేది, కింద పడేవాళ్ళు. ఇది మొత్తం. దీంట్లోంచి బయటికి రావాలంటే రైలు దిగాల్సిందే." ఆమె ఖాసిం సారు వైపు తిరిగింది. "సార్, దిగిన జ్ఞాపకం ఎవరిచ్చినారు?"

ఖాసిం సారు దగ్గర లాంగ్ నోటుబుక్కు ఉంది. ఇచ్చిన ప్రతి జ్ఞాపకమూ రాసి పెట్టాడు, ఆరువందల పన్నెండు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ఆఖరి పేజీ దగ్గర వేలు ఆగిపోయింది.

"దిగేదా?" అన్నాడు నెమ్మదిగా. "దిగేదాంట్లో గుర్తు పెట్టుకునేదేముంది మేడమ్?"

అప్పుడు ఒక్కొక్కరే బయటపెట్టారు. వీళ్ళెవరూ ఊరు చేరడానికి ఆ రైలెక్కలేదు. రైలు కోసమే ఎక్కారు. కోనాపురంలో అందరూ దిగుతుంటే వీళ్ళు సీట్లోనే కూర్చుని, ఇంజిను విప్పి ఇటుపక్క తగిలించడం కిటికీలోంచి చూసి, అదే రైల్లో తిరిగి వచ్చేవారు. ఇంటి దగ్గర దిగినప్పుడు మనసంతా వెనక పోతున్న రైలు మీదే. కాలు ఎక్కడ పెట్టారో ఒక్కడికీ తెలియదు. రైలులో ప్రతి మేకూ గుర్తున్న మనుషులు దిగడం మరిచారు.

"హంసైతే రోజూ గుండ్లవంకలో దిగేది గదా?" అన్నాడు ఖాసిం సారు, ఆశగా.

"దిగలేదు సార్. నేనే దించేదాన్ని."

"తొమ్మిదేళ్ళ పిల్లనా?"

"తొమ్మిదేళ్ళ పిల్లనే."

గుండ్లవంక హాల్టు. ప్లాట్‌ఫారం లేదు. మెట్టు నుంచి కంకరకు నడుమెత్తు. రైలు ఒక్క నిమిషం ఆగుతుంది. కాలు జారితే చక్రాల కిందికే. నేను ముందు దిగి, వెనక్కి తిరిగి, చంకల కింద చేతులు వేసి ఎత్తి దించేదాన్ని. దాని కాలు ఆ మెట్టు నుంచి నేలను తాకితే ఒట్టు. తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు, "పెండ్లైనాక గూడా ఎత్తుకునే దించుతావా సుంకులమ్మా?" అని. నేను పట్టించుకోలేదు.

"ఊర్లోవాళ్ళు ఎవరినైనా పిలుద్దాం, దిగినోళ్ళు బోలెడుమంది ఉంటారు" అన్నాడొకాయన.

"వాళ్ళు దిగితే నా బిడ్డ చూస్తా కూర్చుంటుంది" అన్నాను. "అది నా వెనకే లేస్తుంది. టోపీ నాకు పెట్టండి."

హంస మంచం పక్కనే ఇంకో మంచం వేశారు. రైలు బొమ్మరాయి దాటిందని హంస పెదవులు చెప్పాయి. రాళ్ళగడ్డ వచ్చినప్పుడు నేను మొదలుపెట్టాను.

గుండ్లవంక ఇంకా రెండు స్టేషన్లు ఉండగానే లేచేదాన్ని. ఎడమ భుజానికి సంచి, కుడిచేత హంస మణికట్టు. తలుపు దగ్గర కూర్చున్నవాణ్ణి "లెయ్ నాయనా, దిగేవాళ్ళుండారు" అని లేపేదాన్ని. వాడు "ఇంకా అర్ధగంట ఉంది మా" అని విసుక్కునేవాడు. ఇనుపకడ్డీ పొద్దున చల్లగా, సాయంత్రం కాలుతూ ఉండేది. బ్రేకు పడగానే కాలిన ఇనుము వాసన. నేను దిగుతాను. తిరుగుతాను. చేతులు చాపుతాను. "రా హంసా!"

పక్క మంచం మీద హంస రెండు చేతులూ పైకి లేచాయి.

"లేచినాయి, చేతులు లేపింది!" అని ఖాసిం సారు అరిచాడు. ఎత్తుకోమని చాపిన చేతులు అవి. ఒక నిమిషం అట్లాగే గాలిలో ఉన్నాయి. తర్వాత మెల్లగా పడిపోయాయి.

"గుండ్లవంక పోయింది" అంది హంస.

మేడమ్ కళ్ళు మూసుకుంది. "నువ్వు ఇచ్చినదాంట్లో నేల మీద ఆనింది నీ కాళ్ళు. ఆ పిల్ల ఎత్తే చేతుల కోసమే చూస్తాంది. అక్కడ చేతులు లేవు, చేతుల జ్ఞాపకమే ఉంది."

నేను లేచి కూర్చున్నాను. హంసను ఎత్తినప్పటి బరువు తెచ్చుకోబోయాను. రాలేదు. తొమ్మిదేళ్ళు రోజుకు రెండుసార్లు ఎత్తాను. ఎత్తానని తెలుసు. దాని కాళ్ళు నా నడుముకు చుట్టుకునేవని ఇప్పుడే నా నోటితో చెప్పానట. ఎవరి బిడ్డ కాళ్ళో, ఎవరి నడుమో.

"ఇంకొకటుంది" అన్నాను. "అది పుట్టకముందు ఎనిమిదేళ్ళు నేనొక్కదాన్నే దిగినా. దాంట్లో ఎత్తేదానికి ఎవరూ లేరు. దిగడమొకటే ఉంది. అదిస్తే, హంస తన కాళ్ళతోనే దిగల్ల గదా?"

మేడమ్ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఒక్క రోజుది చాలదు సుంకులమ్మా. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కడ్డీ వదలాలి, కాలికి తెలిసినదంతా కావాలి. అది వేరుతో సహా వస్తుంది. ఒక్క ఆ రైలుదే రాదు. ఆ తర్వాత నీకు..."

"తీసుకో."

"విను ముందు."

"విన్నా. తీసుకో మేడమ్. రైలు కోనాపురం పోయి తిరిగొస్తాంది."

"ఇంకొకటి. దిగినాక వెనక్కి తిరగొద్దు. తిరిగినావంటే ఆ పిల్ల మళ్ళీ చేతులు చాపుతుంది."

పదిహేడేళ్ళలో నాకు ఎవరూ అంత కష్టమైన పని చెప్పలేదు. తిరుగుదారిలో గుండ్లవంక దగ్గరపడగానే టోపీ పెట్టారు. గొంతు విప్పాను. లేచాను. సంచి సర్దుకున్నాను. నడవలో రెండు పక్కలా సీట్లు పట్టుకుంటూ తలుపు దగ్గరికి వచ్చాను. గాలికి కొంగు నడుముకు దోపాను. రైలు నెమ్మదించే కొద్దీ కంకర రాళ్ళు గీతల్లాగా ఉన్నవి రాళ్ళలాగా విడిపోతాయి. ఒక్కో రాయి విడిగా కనబడినప్పుడు కుడికాలు దించాలి. అంతకు ముందు దించకూడదు. మోకాలు వంచాలి. కడ్డీ అప్పుడే వదలకూడదు. ఎడమకాలు వచ్చాక వదలాలి. వదిలాను. నడుస్తున్నాను. నా వెనక తలుపులో నా బిడ్డ ఒంటరిగా నిలబడి ఉంది, రైలు కూత వేస్తుంది, చక్రాలు ఉన్నాయి. నేను నడుస్తున్నాను. తిరగలేదు. తిరగలేదు.

పక్కన మంచం కిర్రుమంది. హంస కుడికాలు దుప్పట్లోంచి బయటికి వచ్చి, వేళ్ళతో గాలిలో వెతికి, మిల్లు గచ్చు మీద ఆనింది. తర్వాత ఎడమకాలు.

"అబ్బా, కంకర" అంది. కళ్ళు తెరిచింది.

ఇది జరిగి ఏడు నెలలు. హంస బాగుంది. పోస్టాఫీసుకు పోతోంది, వస్తోంది. అలివేలు మేడమ్ యంత్రాన్ని మూసేస్తానంది గానీ గుంపువాళ్ళు ఊరుకోలేదు. ఇప్పుడు అందులో దిగడం కూడా ఉంది గదా, భయమేముంది అన్నారు. ఆదివారం ఆదివారం ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. కోనాపురం దాకా పోయి, తిరుగుదారిలో గుండ్లవంకలో నా కాళ్ళతో దిగి వస్తున్నారు. ఖాసిం సారు నాకు కనబడినప్పుడు తల దించుకుంటాడు. హంస అటువైపు పోవడం మానేసింది.

నా సంగతి మొదట ఇంట్లో తెలియలేదు. నడుస్తాను, వండుతాను, మేడ మెట్లు దిగుతాను. మొదటిసారి బస్సెక్కినప్పుడు తెలిసింది. మా స్టాపు వచ్చింది. వచ్చిందని తెలుసు, పేరు చదివాను, పక్కవాళ్ళు లేచారు. నాకు లేవాలన్న సంగతి లోపలి నుంచి రాలేదు. హంస చెయ్యి పట్టి లాగి, ఇప్పుడు ఈ కాలు, ఇప్పుడు ఆ కాలు అని చెప్పి దింపింది. మేడమ్ నేర్పించాలని చూసింది. నేర్చుకున్నది గంటసేపు కూడా నిలవదు.

అందుకే బస్సెక్కడం మానేశాను. కానీ నిన్న పంటి నొప్పి తట్టుకోలేక, హంస డ్యూటీలో ఉంటే ఎందుకు ఇబ్బంది పెట్టాలని, పొద్దున పదకొండింటికి ఒక్కదాన్నే ఎక్కాను. కండక్టరుకు ముందే చెప్పి ఉంచాను. అతను రద్దీలో మరిచిపోయాడు. ఆసుపత్రి వెనక్కి వెళ్ళిపోవడం బస్సు కిటికీలోంచి చూశాను. మార్కెట్టు వెళ్ళింది, పేరుకు మిగిలిన రైల్వే గేటు వెళ్ళింది. డిపోలో అందరూ దిగిపోయారు.

"అమ్మా, ఇదే లాస్టు. దిగల్ల" అన్నాడు కండక్టరు.

"దిగుతా నాయనా. ఎట్లనో చెప్పు" అన్నాను.

అతను నవ్వి, ఎండకు కళ్ళు తిరిగాయేమో అనుకుని నీళ్ళ సీసా ఇచ్చి, టీకి పోయాడు. కాసేపటికి బస్సు మళ్ళీ నిండింది. చీపురుకట్టల మూట పెట్టుకుని ఒకామె నా పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. ఫోను మోగింది.

"యాడుండావు మా? ఇంట్లో లేవని పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది."

"బస్సులో ఉండా."

"ఏ బస్సు? యాడికి పోతాంది? ఎవరున్నారు పక్కన?" హంస ఆగకుండా అడుగుతోంది. "మా, లేవొద్దు. తలుపు దగ్గరికి పోవద్దు. కండక్టరుకు ఫోనియ్యి. గేటు కాడ నేను ఎక్కుతా. వింటాండావా? కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దు."

వింటున్నాను. ఆ పిల్లను తలుచుకుంటే జాలేసింది. ఎండలో స్కూటరు మీద ఎంత వేగంగా వస్తుందో, దారిలో ఎన్ని లారీలో, అదంతా నేనే తలుచుకుని గుండె పట్టుకోవలసిన సమయం. అలవాటుగా ఆ భయం కోసం లోపల వెతికాను. కదులుతున్న బండిలో అదీ లేదు, దిగడంతో పాటే పోయినట్టుంది. బయట వేరుశనగ చేలు ఒకదాని వెంట ఒకటి వెనక్కి పోతున్నాయి.

"యాడ దిగల్ల మా నువ్వు?" అని చీపుర్ల ఆమె అడిగింది.

"నా కూతురు ఎక్కుతుంది" అన్నాను.